మాకు కనబడుచున్నది గదా!

ఇల్లు మారిన యిల్లాలికి మొదటి వారము దినములు ఎట్లు గడచునో వేరుగ చెప్పనక్కరలేదు. ఉప్పుజాడీ ఎక్కడ పెట్టితిమో జ్ఞాపకముండదు. పాలవాడు పాత గుమ్మము ముందు నిలిచి, పిలిచి, పోవును. ఉత్తరములు పాత యింటికి పోయి అక్కడ చేరిన క్రొత్తవారి చేతిలో పడును. సామానంతయు చేరినదనుకొన్న పిమ్మట గూడ, ఏదియో యొకటి అటుకమీద మిగిలిపోయియే యుండును. 2024 వ సంవత్సరము మే నెలలో మేమిట్టి మార్పొకటి చేసితిమి. మారినది మా కాపురము గాదు, మా అంగడి. ఆ అంగడికి గోడలు లేవు, కవాటములు లేవు. అది ఇంటర్నెట్టులోని వెబ్‌సైటు. దానిని ఒక సర్వరునుండి మరియొక సర్వరునకు మార్చితిమి. మార్చిన పిమ్మట తొమ్మిది దినములు అది అనేకులకు తెరచుకొనలేదు. ఆ తొమ్మిది దినములలో మేము చేసిన తప్పు యంత్రమునకు సంబంధించినది కొంత, మనుష్యులకు సంబంధించినది ఎక్కువ. అందుచేతనే సోదరీమణులతో చెప్పుకొనవలెనని తోచినది.

మేము నలుగురము. రాజమహేంద్రవరములో ఒకే వీధిని కాపురములున్నవారము. ఊరగాయలు, వడియములు, అప్పడములు చేసి దూరప్రదేశములవారికి పంపు చిన్న వ్యాపారము అప్పటికి ఏడేండ్లనుండి నడపుచుంటిమి. మేము గాక చేతిపని చేసి యిచ్చు స్త్రీలు పదునెనమండుగురు మాతో చేరియున్నారు. వారిలో భర్తను కోల్పోయినవారున్నారు. బిడ్డల చదువు తమ రెక్కల కష్టముమీదనే నడపుకొనుచున్నవారున్నారు. మాకు వచ్చు ఆర్డరులన్నియు వెబ్‌సైటు ద్వారానే వచ్చును. ఏప్రిలు నడిమినుండి మే చివరివరకు ఆవకాయ దినములు. ఏడాది రాబడిలో సగము ఆ ఆరు వారములలోనే రావలెను. అట్టి సమయములో అంగడి మార్చుట తెలివిగల పని కాదని మాకును తెలియును. కాని పాత సర్వరువారు అద్దె రెట్టింపు చేసిరి; గడువు ఆ నెలలోనే తీరుచుండెను. మా లెక్కలు చూచు వదినగారు, "ఆ అద్దె సొమ్ముతో ఒక యింట రెండు నెలల బియ్యము వచ్చును" అనిరి. అంతటితో నిశ్చయమైపోయినది.

ఈ విషయము క్రొత్తగా వినువారికొరకు రెండు మాటలు. సర్వరనగా రాత్రింబవళ్లు మేలుకొనియుండి అడిగినవారికి అడిగిన పుట అందించు కంప్యూటరు. అందులో కొంత చోటు మనము అద్దెకు తీసికొందుము. మన వెబ్‌సైటునకు మూడు భాగములుండును. పుటలు, బొమ్మలు మొదలగు ఫైలులొకటి. ధరలు, ఆర్డరులు, కొన్నవారి వివరములు వ్రాసియుంచు చిట్టా రెండవది, దానిని డేటాబేసందురు. మూడవది పేరు. జనులు టైపు చేయునది పేరే గాని, యంత్రములు ఒకదానినొకటి గుర్తించునది అంకెలతో గూడిన చిరునామా చేత. ఏ పేరునకు ఏ చిరునామాయో చెప్పు వ్యవస్థ డీ.ఎన్.ఎస్. అనునది. కాబట్టి సర్వరు మారుటయనగా ఫైలులు మోయవలెను, చిట్టా మోయవలెను, పేరును క్రొత్త చిరునామాకు త్రిప్పవలెను.

మాలో ఒకరి మేనకోడలు హైదరాబాదులో ఇట్టి యుద్యోగమే చేయుచున్నది. ఆమె ఫోనులో చెప్పుచుండగా శనివారము రాత్రి భోజనములైన పిమ్మట ల్యాప్‌టాపు ముందర కూర్చుంటిమి. ఫైలులు చేరినవి, చిట్టా చేరినది. తెరచి చూతుము గదా, డేటాబేసుతో సంబంధము కుదరలేదని ఒకే వాక్యము కనబడెను. మాకు గుండె జారినది. ఏడేండ్ల చిట్టా గంగలో కలిసినదనుకొంటిమి. మేనకోడలు మాత్రము నవ్వి, "అత్తయ్యా, అది పోలేదు. తాళము మారినది, మీరు పాత తాళపుచెవి త్రిప్పుచున్నారు" అనెను. క్రొత్త సర్వరులో డేటాబేసు పేరునకు ముందు మా ఖాతా పేరు చేర్చబడినది. సంకేతపదము గూడ క్రొత్తది. సెట్టింగుల ఫైలులో ఆ రెండును దిద్దగనే మొదటి పుట తెరచుకొన్నది.

తరువాత మరియొక చిక్కు. మొదటి పుట కనబడుచున్నది గాని, ఆవకాయ పుట నొక్కినను, వడియముల పుట నొక్కినను, 404 అను అంకె వచ్చి అట్టి పుట లేదనుచున్నది. ఫైలులలో చుక్కతో మొదలగు పేరు గలవి కొన్ని యుండును. అవి మామూలుగా కంటికి కనబడవు. లోపలి పుటలకు దారి చూపునట్టి యొక చిన్న ఫైలు అట్టిదే. మేము కనబడినవన్నియు మోసితిమి. కనబడనిది పాత యింటనే యుండిపోయినది. దానిని తెచ్చి పెట్టగనే అన్ని పుటలును తెరచుకొన్నవి. అప్పటికి రాత్రి రెండు గంటలైనది. మేము కాఫీ పెట్టుకొని త్రాగి, యుద్ధము గెలిచినవారివలె ఒకరి మొగము లొకరు చూచుకొంటిమి. యంత్రము చెప్పిన మాటను భయపడక చదివినచో అందులోనే దారి యుండునని ఆ రాత్రి నేర్చుకొంటిమి. ఆ పాఠమును మరునాడే మరచిపోయితిమి.

ఇక్కడ ఒక సంగతి చెప్పవలెను, తరువాత పనికివచ్చును. పేరును లోకమందరికొరకు మార్చుటకు ముందు, క్రొత్త సర్వరులో అంతయు సరిగా నున్నదో లేదో మన కంప్యూటరులో మాత్రమే పరీక్షించుకొనవచ్చును. ప్రతి కంప్యూటరులోను హోస్ట్స్ అను చిన్న ఫైలుండును. అందులో "ఈ పేరునకు ఇది చిరునామా" అని మనమే యొక పంక్తి వ్రాసినయెడల, ఆ కంప్యూటరు బయట నెవరినీ అడుగక దానినే నమ్మును. ఈ పద్ధతి వెనుక ముచ్చటైన చరిత్రయున్నది. ఇంటర్నెట్టునకు పూర్వరూపమైన ఆర్పానెట్టులో మొదట లోకమంతటికిని ఇట్టి పుస్తకమొక్కటే యుండెడిది. అమెరికాలో కాలిఫోర్నియాయందలి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ అను నామె 1972 మొదలు 1989 వరకు నాయకత్వము వహించిన కార్యాలయమువారే దానిని కాపాడుచుండిరి. క్రొత్త యంత్రమును చేర్చదలచినవారు వారికి తెలుపవలెను. వారు పుస్తకములో వ్రాయవలెను. తక్కినవారందరు ప్రతులు తెచ్చుకొనవలెను. యంత్రములు పెరుగుటతో ఒక్క పుస్తకము చాలక, 1983 లో పాల్ మొకాపెట్రిస్ అను నాయన ఇప్పటి డీ.ఎన్.ఎస్. పద్ధతిని రూపొందించెను. పాత పుస్తకపు గుర్తుగా ఆ చిన్న ఫైలు మాత్రము నేటికిని మన యంత్రములలో నిలిచియున్నది. ఇంతటి వ్యవస్థకు మొదటి పేర్లపట్టిక యొక స్త్రీ పర్యవేక్షణలో సాగినదని తెలిసినప్పుడు మాకెంతయో గర్వము కలిగినది.

ఆ ఫైలులో మేమును ఒక పంక్తి వ్రాసి, పరీక్షించి, తృప్తిపడితిమి. ఆదివారము ఉదయము పేరును క్రొత్త చిరునామాకు మార్చితిమి. మార్చిన వెంటనే లోకమంతటికి తెలియదు. పేరు చిరునామాలను అడిగి తెలిసికొన్నవారు దానిని కొంతకాలము తమయొద్ద నుంచుకొందురు. ఎంతకాలమన్నది క్షణముల లెక్కలో ఆ రికార్డునందే వ్రాసియుండును. మాది 14,400 క్షణములు, అనగా నాలుగు గంటలు. "ఒక దినము చూడుడు" అని మేనకోడలు చెప్పెను. చూచితిమి. ల్యాప్‌టాపులో తెరచితిమి, కనబడెను. నలుగురి ఫోనులలోను తెరచితిమి, కనబడెను. మంగళవారమునాడు పాత సర్వరువారికి సెలవు చెప్పి ఖాతా మూయించితిమి. ఒక నెల అద్దె మిగిలినదని వదినగారు సంతోషించిరి.

ఈ నడుమ మాకు రెండు హెచ్చరికలు వచ్చినవి. రెంటిని మేము త్రోసివేసితిమి. మొదటిది: వెబ్‌సైటు పేరు ప్రక్కన కనబడు తాళపుకప్ప గుర్తుకొరకు సర్టిఫికెటొకటి కావలెను. కొన్నవారు వ్రాసిన వివరములను నడిదారిలో నెవరును చదువకుండ కాపాడునది అదియే. క్రొత్త సర్వరులో దానికొరకు అడుగగా నిరాకరింపబడినది. ఇచ్చువారి యంత్రము మా పేరునుబట్టి వచ్చి చూడగా, తాను పెట్టిన గుర్తు అక్కడ లేదట. ఆ జవాబులో అక్షరములు, అంకెలు, రెండేసి చుక్కలు కలిసిన పొడుగైన చిరునామా యొకటి యుండెను. అది మా క్రొత్త చిరునామా కానేకాదు. ఆ మాట చదువుటకు మాకు ఓపిక లేకపోయెను. పాత సర్టిఫికెటునకు ఇంకను నలువది దినముల గడువున్నది గనుక దానినే తెచ్చి తగిలించి, పని గడుపుకొంటిమి. రెండవది: ఆదివారము, సోమవారము వచ్చిన ఆర్డరులలో మూడు మెయిలులో కనబడినవి గాని క్రొత్త చిట్టాలో లేవు. చేతితో ఎక్కించుకొని ఊరకుంటిమి. ఆ మూడును పాత యింటి తలుపు తట్టి లోపలికి పోయి వ్రాసిన ఆర్డరులని మాకు తోచలేదు.

బుధవారమునాడు మా అప్పడముల మామ్మగారు ఫోను చేసిరి. ఆమెకు డెబ్బది దగ్గర వయస్సు. మినప అప్పడము ఆమె చేతిలో ఎంత పలుచగా సాగునో చెప్పిన నమ్మరు. ప్రతి ఉదయము పూజయైన వెంటనే తన అప్పడములెన్ని అమ్ముడుపోయినవో ఫోనులో చూచుకొనుట ఆమె నిత్యవిధులలో నొకటి. "అమ్మాయీ, మన అంగడిలో దొంగలు పడినారా?" అని ఆమె అడిగిరి. ఏమని చెప్పుచున్నారో మాకు తెలియలేదు. "ఎఱ్ఱగా త్రికోణమొకటి వచ్చి, ఇది సురక్షితము కాదు, మీ వివరములు దొంగిలింపబడవచ్చును అని వచ్చుచున్నది. నేను భయపడి కట్టివేసితిని" అనిరి.

మేమేమి చేయవలసినది? ఎక్కడనుండి చూచితిరి, ఏ అక్షరములు కనబడినవి, మరల ఒక్కసారి చూచి చదువుడు అని అడుగవలసినది. అట్లు చేయలేదు. ల్యాప్‌టాపు తెరచి చూచితిమి. అంగడి చక్కగా వెలుగుచున్నది. "మామ్మగారూ, మాకు కనబడుచున్నది గదా! మీ ఫోను పాతది, ఎవరికైన చూపించుకొనుడు" అంటిమి. ఆమె మరి మాటాడక ఫోను పెట్టివేసిరి.

రెండు దినములకు విజయవాడనుండి మాకెప్పుడును ఆర్డరిచ్చు ఆమె యొకరు వ్రాసిరి: మీ సైటు తెరచుకొనుట లేదు అని. "మాకు కనబడుచున్నది, మరల ప్రయత్నించి చూడుడు" అని జవాబు వ్రాసితిమి. ఆమె మరల వ్రాయలేదు. బెంగుళూరులోనున్న మాలో ఒకరి కోడలును అదే మాట చెప్పినది. "మీ ఆఫీసువారు అడ్డుపెట్టియుందురు" అంటిమి. ఇట్లు ముగ్గురు చెప్పినను, ప్రతివారికి ప్రతిసారి మేము చూపినది మా కన్నులనే సాక్ష్యముగా. చెప్పినవారిది తప్పగుటకు కారణములు వెదకితిమి గాని, చెప్పినది నిజమగుటకు కారణమేమని వెదకలేదు.

ఇంతలో ఆర్డరులు తగ్గినవి. ముందటి యేడు అదే వారములో దినమునకు పదునాలుగైదు వచ్చుచుండగా, ఇప్పుడు ఐదారు. పూర్తిగా నిలిచిపోయినయెడల ఆనాడే మేలుకొనియుందుము. కొన్ని వచ్చుచుండుటయే మమ్ము మోసపుచ్చినది. ఎండలు మెండుగా నున్నవని ఒకరు, కాయ ధర పెరిగినదని ఒకరు, ఈ యేడు అందరును ఇండ్లలోనే పెట్టుకొనుచున్నారని మరియొకరు సమాధానపడితిమి. కత్తిపీట వేసి కాయ కొట్టు నిద్దరు స్త్రీలకు ఆ వారము పని లేదని చెప్పవలసివచ్చెను. వారు మారుమాట లేక తలయూపి పోయిరి. వారి మొగములు ఇప్పటికిని మాకు కన్నులలో కట్టినట్లుండును.

మామ్మగారు వారమునకు రెండుసార్లు అప్పడములు తెచ్చి యిచ్చువారు. ఆ వారమంతయు రాలేదు. అనారోగ్యమేమో యని తొమ్మిదవనాటి ఉదయము ఇద్దరము వారి యింటికి పోయితిమి. అరుగుమీద ఎండిన అప్పడముల దొంతరలు కట్టియున్నవి. ఒక బజారు వర్తకుని మనిషి వచ్చి వానిని సంచులలో నింపుచుండెను. మేము నిశ్చేష్టలమై నిలువబడితిమి. మామ్మగారు మంచినీళ్లిచ్చి కూర్చుండబెట్టి, నెమ్మదిగా చెప్పిరి. "ఫోను బాగుచేయు కొట్టులో మూడువందల యేబది రూపాయలు తీసికొన్నాడమ్మా. ఫోనులో ఏమియు లోపము లేదన్నాడు. ఫోనులో లోపము లేకపోయిన, మీరు నన్ను తీసివేసినారేమో అనుకొన్నాను. నాకు కనబడకుండ చేసి, మీకు కనబడుచున్నదన్నారు గదా. ముఖము మీద చెప్పలేక అట్లు చేసినారనుకొన్నాను. ఈ బేరగాడు తక్కువకే అడిగినాడు. ఏమి చేయను, ఒప్పుకొన్నాను."

ఆ మాటకు మావద్ద బదులు లేదు. ఆమె ఫోను చేతిలోనికి తీసికొని మేమే తెరచి చూచితిమి. ఆమె చెప్పినది చెప్పినట్లు ఎఱ్ఱ త్రికోణము వచ్చినది. మా ఫోనులు తీసి చూచితిమి. వానిలోను అదియే! తొమ్మిది దినములనుండి మా అంగడి మాకును మూతపడియే యున్నది. ఇల్లు కదలక చూచుటచేత మాకు తెలియలేదు. మామ్మగారిని బ్రతిమాలి వెంటబెట్టుకొని మా యింటికి వచ్చితిమి. ఇంటిలో వైఫై తగిలించగనే ఆమె ఫోనులో అంగడి తెరచుకొన్నది. దానిని తీసివేసి గేటు దాటి వీధిలో నిలుచుండి చూడగా మూతపడినది. మరల లోనికి వచ్చి వైఫై తగిలించిన తెరచుకొన్నది. "ఇదేమి గారడీ అమ్మా!" అని మామ్మగారు ముక్కుమీద వ్రేలుంచుకొనిరి.

మేనకోడలికి ఫోను చేసి గేటు సంగతి చెప్పగా, ఆమె ఒక్క నిముషము మాటాడక, "అత్తయ్యా, మీ పేరునకు చిరునామాలు రెండున్నవేమో చూడుడు" అనెను. హోస్ట్స్ ఫైలును నమ్మక డీ.ఎన్.ఎస్. నే నేరుగా అడుగు ఆజ్ఞ యొకటి, ఎన్.ఎస్.లుకప్ అనునది, ఉన్నది. అది వేయగా రెండు చిరునామాలు వచ్చినవి. చిన్నది మా క్రొత్త సర్వరుది. పొడుగైనది, రెండేసి చుక్కలు గలది, పాత సర్వరుది. సర్టిఫికెటు నిరాకరించినప్పుడు కనబడినది అదియే.

దాని కథ యిది. మొదటినుండి వాడుకలోనున్న చిన్న చిరునామాలు మొత్తము సుమారు 430 కోట్లు మాత్రమే కలవు. ఎప్పటికైన చాలవని 1990 వ దశాబ్దములోనే పొడుగైన క్రొత్తరకము నేర్పరచిరి. 2011 ఫిబ్రవరిలో పాతరకపు చివరి కట్టలు గూడ పంచివేయబడినవి. పాతరకమునకు వ్రాయు రికార్డునకు "ఏ" యని పేరు. క్రొత్తది దానికి నాలుగురెట్లు పొడుగు గనుక ఆ రికార్డును నాలుగు "ఏ"లతో వ్రాయుదురు. మన దేశములో మొబైలు ఫోనులు చాలవరకు ఈ పొడుగు చిరునామాలతో పనిచేయుచున్నవి. ఇండ్లలోని తీగ కనెక్షనులు కొన్ని ఇంకను చిన్నవానితోనే నడచుచున్నవి. ఒక పేరునకు రెండును ఉన్నయెడల, రెంటికిని దారిగల ఫోను సాధారణముగా పొడుగుదానినే ముందు తట్టును. అక్కడ ఎవరును పలుకకున్న చిన్నదానికి పోవును. కాని మా పాత సర్వరు పలుకుచునే యున్నది! మా ఖాతా మూసిరిగాని ఆ యంత్రము ఇతరులకొరకు నడచుచున్నది. అది మా పేరు విని, తనయొద్ద మా సర్టిఫికెటు లేక, మరియొకరిది చూపినది. పేర్లు కలియకపోవుటచే ఫోను బెదరి, ఇది మోసము కావచ్చునని హెచ్చరించినది. ఫోను చేసినది తప్పు గాదు. మామ్మగారు భయపడుటయు తప్పు గాదు. మేము ఏడేండ్ల క్రిందట ఏర్పడిన రెండు రికార్డులలో ఒకటి మార్చి, రెండవది యున్నదన్న మాటయే మరచితిమి. మా యింటి తీగకు పొడుగు దారి లేదు గనుక ఇంటిలో మాకెన్నడును చిక్కు కనబడలేదు. ల్యాప్‌టాపు సంగతి చెప్పనే అక్కరలేదు. దానిలో ఆనాడు వ్రాసిన పంక్తి నట్లే యుంచితిమి. లోకమంతయు మూతపడినను అది మాకు తెరచియే చూపును. అట్టి సాక్షిని పట్టుకొని ఇతరులను అబద్ధమాడుచున్నారంటిమి.

క్రొత్త సర్వరులో మాకు పొడుగు చిరునామా ఈయలేదు గనుక ఆ పాత రికార్డును తుడిచివేసితిమి. హోస్ట్స్ ఫైలులోని పంక్తిని గూడ తీసివేసితిమి. సర్టిఫికెటు కొరకు మరల అడుగగా ఈసారి నిముషములో వచ్చినది. నాలుగు గంటలు గడచిన పిమ్మట, దీపాలవేళ నలుగురమును గేటు దాటి వీధిలో నిలుచుండి ఫోనులు తెరచితిమి. అంగడి తెరచుకొన్నది. దారిని పోవువారు మమ్ము వింతగా చూచిరి.

విజయవాడ ఆమెకు క్షమాపణ వ్రాసితిమి. కాయ కొట్టు స్త్రీలను మరల పిలిపించితిమి. కాని పోయిన తొమ్మిది దినములు ఆవకాయ దినములలో మరల రావు. మామ్మగారికి మూడువందల యేబది రూపాయలు చేతిలో పెట్టి, "తప్పు మాది, మరల మాకే చేసి యిండు" అని అడిగితిమి. ఆమె డబ్బు తీసికొనిరి. "మాట యిచ్చినానమ్మా. శ్రావణము వచ్చువరకు అతనికే చేయవలెను. తక్కువ ధరకైనను మాట మాటయే" అనిరి. మేము తలలు వంచుకొంటిమి.

ఇట్టి పని తలపెట్టు సోదరీమణులకు మా యనుభవముగా నాలుగు మాటలు చెప్పెదము. మారుటకు ముందు మీ పేరునకు సంబంధించిన రికార్డులన్నిటిని ఒక కాగితముమీద వ్రాసికొనుడు. ఏది మార్చితిమో, ఏది మార్చలేదో ఒక్కొక్కటిగా గీత కొట్టుడు. రెండు దినముల ముందుగనే ఆ రికార్డుల గడువును 300 క్షణములకు తగ్గించినయెడల మార్పు త్వరగా తెలియును. పాత యింటిని ఒక నెల యట్లే యుంచుడు. మిగిలిన అద్దెకంటె పోయిన నమ్మకము ఖరీదెక్కువ. పరీక్షకొరకు వ్రాసిన పంక్తిని పని తీరిన వెంటనే తుడిచివేయుడు. ఇంటిలోను, వీధిలోను, ఇతరుల ఫోనులోను, పొరుగూరిలోను చూపించుడు. అన్నిటికంటె ముఖ్యము, తెరచుకొనుట లేదని ఎవరైన చెప్పినప్పుడు, మీకు తెరచుకొనుచున్నదన్న మాట నోటికి రానీయకుడు. ఎక్కడనుండి, దేనితో, ఏమి కనబడుచున్నది అని అడుగుడు. ఇల్లు కాలుచున్నదని పొరుగామె చెప్పినప్పుడు, మా గదిలో పొగ లేదని జవాబు చెప్పుదుమా?

శ్రావణమాసపు మొదటి శుక్రవారమునాడు మామ్మగారు అప్పడముల సంచితో వచ్చిరి. వాకిట ముగ్గు దాటకమునుపే ఆగి, గేటు బయట నిలుచుండి, ఫోను తీసి, కన్నులకు దగ్గరగా పెట్టుకొని చూచిరి. అంగడి తెరచుకొన్నదని నమ్మకము కుదిరిన తరువాతనే లోపల అడుగుపెట్టిరి. మేమేమియు అనక సంచి అందుకొంటిమి.